మృగశిర వచ్చేలోపు: రేగడి డొంక మీద సుబాబుల్ తోలకం డైరీ

ఎన్టీఆర్ జిల్లాలో నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు వైపు కాగితం మిల్లుకి అమ్మే సుబాబుల్ చెట్లు వేసిన ప్రతివాడికీ వేసవి చివర ఒకటే టెన్షన్. కొట్టించడం పెద్ద పని కాదు, కూలీల ముఠా దిగితే చెట్లు పడిపోతాయి. పడిన కర్రని చేలోంచి తారు రోడ్డు దాకా చేర్చడమే అసలు పని, అదీ నల్లరేగడి తడవకముందే. ఈ ఏడు మేం ఏం చేశామో, ఏది నిలిచిందో, ఏది మట్టిలో కలిసిపోయిందో కొలతలతో సహా రాస్తున్నాను. మీ డొంక కూడా ఇలాంటిదే అయితే చూసుకోండి.

చేతిలో ఉన్నది

బాబాయిది, మాది కలిపి 5 ఎకరాల సుబాబుల్, నాటి నాలుగో ఏడు. నాలుగు మూలల్లో ఒక్కో సెంటు (ఎకరాలో వందో వంతు) కొట్టించి తూస్తే సగటున 330 కిలోలు వచ్చింది. అంటే ఎకరాకు 33 టన్నులు, మొత్తం 165 టన్నులు. ఇది అంచనానే, కానీ కంటితో చూసి చెప్పే అంచనా కన్నా నయం.

చేలోంచి తారు రోడ్డుకి డొంక 1.4 కిలోమీటర్లు, వెడల్పు 11 అడుగులు, మొత్తం రేగడి. మధ్యలో ఒక పల్లం, ఒక తూము. ఒక 47 హెచ్‌పీ ట్రాక్టర్, దాని వెనక తగిలించే నాలుగు చక్రాల ట్రక్కు (ట్రైలర్). లారీని డొంకలోకి దింపకూడదని మొదటే అనుకున్నాం. పది టైర్ల లారీకి 2018లో పెంచిన పరిమితి ప్రకారం లోడుతో కలిపి 28.5 టన్నులు, ఆ బరువుని ఎండలో డొంక మోస్తుందేమో గానీ ఒక్క జల్లు పడితే లారీ అక్కడే ఉండిపోతుంది, దాని వెనక ఊరి బళ్ళన్నీ ఉండిపోతాయి.

ఎక్కువమంది వదిలేసే లెక్క ఇంకోటి ఉంది. పచ్చి సుబాబుల్ బరువులో సగానికి దగ్గరగా నీళ్ళే. మిల్లు కాటా మీద డబ్బులిస్తుంది. ఎండలో పడేసిన ఒక కట్టని తూచి పెట్టుకున్నాను: కొట్టిన రోజు 52.4 కిలోలు, వారం తిరిగేసరికి 46.1. అంటే నూటికి పన్నెండు పోయింది. కాబట్టి వానొస్తుందని భయపడి మొత్తం ఒకేసారి కొట్టి పడేయడం కూడా నష్టమే. లాగగలిగినంతే కొట్టాలి. నిలబడి ఉన్న చెట్టు బరువు ఎక్కడికీ పోదు.

దశ 1: డొంకని కొలవడం, చదును చేయడం

రోడ్డు గట్టిగా ఉందో లేదో కాలితో తొక్కి చెప్పడం మానేసి ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఖర్చు ఏమీ లేదు:

1. 8 కిలోల గడ్డపార, దాని కన్నా కొంచెం లావున్న పీవీసీ గొట్టం ముక్క తీసుకోండి. గొట్టం నిటారుగా పట్టుకుంటే గడ్డపార పక్కకి ఒరగదు.
2. మొన నేలకి సరిగ్గా మీటరు ఎత్తులో ఉండేలా పట్టుకుని వదిలేయండి, తొయ్యొద్దు.
3. ఎంత దిగిందో టేపుతో కొలవండి. ఒక్కో చోట మూడుసార్లు చేసి మధ్య అంకె రాసుకోండి.
4. చక్రం నడిచే గాడిలోనే కొలవాలి, గట్టు పక్కన కాదు.

మేకులు దిగ్గొట్టి ఐదు పాయింట్లు గుర్తు పెట్టాం: చేను గేటు, వేపచెట్టు, పల్లం, తూము, తారు అంచు. కృత్తిక కార్తె ఎండలో అన్ని చోట్లా 2 నుంచి 3 సెంటీమీటర్లే దిగింది. పల్లంలో మాత్రం 5.

తర్వాత జేసీబీతో నడుమ ఎత్తు, రెండు పక్కలకీ వాలు వచ్చేలా గీయించాం. మట్టి రోడ్డుకి మీటరుకి నాలుగైదు సెంటీమీటర్ల వాలు ఉండాలి. 11 అడుగుల డొంకలో సగం వెడల్పుకి లెక్కేస్తే అంచు కన్నా మధ్య ఏడెనిమిది సెంటీమీటర్లు ఎత్తు. చూడ్డానికి ఏమీ అనిపించదు గానీ నీళ్ళు నిలవకుండా పోయేది దాంతోనే. పక్క బోదెలు (నీళ్ళు పోయే కాలవలు) పూడిపోయి ఉంటే అవీ తీయించాం. బోదె లేకుండా మధ్య ఎంత ఎత్తు చేసినా దండగ.

సున్నం కలిపితే రేగడి జిగురు తగ్గుతుంది, అది నిజమే. మట్టి బరువులో నూటికి నాలుగైదు వంతుల సున్నం పడుతుంది. 1.4 కిలోమీటర్లకి ఆ లెక్క వేసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాం.

*ఇప్పటికి: తోలింది సున్నా. రోడ్డు ఖర్చు రూ.12,400 (గ్రావెల్ 6,500, జేసీబీ 3,600, తూముకి సిమెంటు గొట్టం 2,300).*

దశ 2: ఎండలో తోలకం

మొదట దూరంగా ఉన్న మూల నుంచి కొట్టించాం. ముఠా మేస్త్రి ఒప్పుకోలేదు. "గేటు దగ్గర నుంచి మొదలెడితే మీకు లోడు తొందరగా లేస్తుంది బాబూ" అన్నాడు. అతని లెక్క అతనిది, టన్నుకింతని ముఠాకి కూలి. కానీ వాన పడ్డాక చేను లోపలికి ట్రాక్టర్ వెళ్ళదు, గేటు పక్కన కర్ర మాత్రం చేత్తో మోసైనా తేవచ్చు. అందుకని లోపలిది ముందు, అంచుది చివర.

ఎండలో వచ్చిన తలనొప్పులు రెండు.

మొదటిది మోళ్ళు, అంటే చెట్టు కొట్టాక నేలలో మిగిలే మొదళ్ళు. పిలకలు బాగా రావాలని సుబాబుల్ మోడుని వాలుగా, జానెడు లోపు ఎత్తులో నరుకుతారు. ఆ వాలు మొన ఎండకి ఆరితే శూలమే. ట్రక్కు టైరు పక్క చీలిపోయింది, ట్యూబు మార్చినా టైరు దక్కలేదు. అప్పటినుంచి ట్రక్కు వెళ్ళే వరసని ముందే ఎంచి, ఆ ఒక్క వరసలో మోళ్ళని కటింగ్ మిషన్‌తో నేల మట్టానికి కోయించాం. ఆ వరసలో పిలకలు తక్కువ వస్తాయి, పోనీ. టైరు ధర ముందు అదెంత.

రెండోది దుమ్ము. ఎండిన రేగడి మీద లోడు బండి తిరుగుతుంటే గాడిలో మట్టి నలిగి పిండి అవుతుంది. పల్లం దగ్గర ఆ పిండి 9 సెంటీమీటర్ల మందం ఉంది. చక్రానికి అడ్డం కాదు కదా అని వదిలేస్తాం. కానీ వాన పడితే ఆ పిండే ముందు నీళ్ళు తాగి ముద్దవుతుంది, గట్టి నేల దాని కింద ఎక్కడో ఉంటుంది. రోజు పని ముగిశాక ట్రాక్టర్ వెనక బ్లేడు పెట్టి పిండిని పక్క గట్టుకి తోసేయడం అలవాటు చేసుకున్నాం. అరగంట పని. ఈ డైరీలో ఒక్కటే పాటించేవాళ్ళుంటే ఇది పాటించండి.

*ఇప్పటికి: తోలింది 34 టన్నులు. మిగిలింది సుమారు 131. డీజిల్ 31 లీటర్లు, టన్నుకి 0.91.*

దశ 3: మొదటి జల్లు, పల్లం

రోహిణి మొదట్లో సాయంత్రం గాలివాన. నిటారు గోడల డబ్బాలో 22 మిల్లీమీటర్లు. మర్నాడు ఆపాం. ఆ మర్నాడు ఎండ కాసింది, డొంక పైన తెల్లగా ఆరి పెచ్చు కట్టింది. డ్రైవర్ అప్పుడే ట్రాక్టర్ స్టార్ట్ చేసి ఉన్నాడు.

"అన్నా, పైనంతా ఆరిపోయింది చూడు, చెప్పు కూడా అంటుకోవట్లా. ఒక్క ట్రిప్పు లాగుదాం."

గడ్డపార వేశాం. గేటు 7, వేపచెట్టు 6, తారు అంచు 6, తూము 11, పల్లం 19.

ఎందుకిలా అంటే, వేసవిలో రేగడి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. మొదటి వాన నీళ్ళు పైన నిలవకుండా ఆ నెర్రెల్లోంచి నేరుగా లోపలికి దిగుతాయి. లోపల మట్టి తడిసి ఉబ్బుతుంది, నెర్రెలు మూసుకుంటాయి, పైన ఎండకి రెండంగుళాలు ఆరి మూత పడుతుంది. కింద తడి అలాగే ఉంటుంది. కంటికి కనపడేది ఆ మూతే. మిన్నెసోటా, కెనడాల్లో కర్ర తోలేవాళ్ళకి ఇదే గొడవ తిరగేసి వస్తుంది: అక్కడ నేల గడ్డకట్టిన చలికాలంలోనే లాగుతారు, మంచు కరిగే రోజుల్లో పైపొర ముందు కరిగి, కింద ఇంకా గడ్డగా ఉండి, నీళ్ళు దిగే దారి లేక రోడ్డు మెత్తబడుతుంది. అందుకే ఆ నెలల్లో రోడ్ల మీద బరువుకి సర్కారే పరిమితి పెడుతుంది. మనకి డొంక మీద అలా చెప్పే సర్కారు లేదు, గడ్డపారే చెప్పాలి.

మేం పెట్టుకున్న హద్దులు ఇవి:

1. 8 సెంటీమీటర్ల లోపు: పూర్తి లోడు.
2. 8 నుంచి 12: సగం లోడు, ఉదయం పూట మాత్రమే.
3. 12 దాటితే: ఖాళీ బండి కూడా వద్దు. ఆ రోజు చేసిన గాడి తర్వాతి వానకి చెరువవుతుంది.

పల్లం 40 మీటర్ల పొడవు. దాన్ని బాగు చేయకుండా మిగతా డొంక ఎంత బాగున్నా లాభం లేదు. ముందు చేసింది అందరూ చేసేదే, గ్రావెల్ తెచ్చి పోయడం. అరడుగు మందం పోసి ఖాళీ ట్రాక్టర్‌తో తొక్కించాం, బాగానే కనపడింది. లోడు బండి రెండోసారి వెళ్ళేసరికి గాడిలో గ్రావెల్ కనపడలేదు. తవ్వి చూస్తే రాళ్ళు జానెడు లోతున మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి, బురద పైకి వచ్చేసింది. తడి రేగడి మీద గ్రావెల్ ఒక్కటే పోస్తే రాయి కిందకి, బురద పైకి చోటు మార్చుకుంటాయి. ఎంత పోస్తే అంత తింటుంది.

మట్టికీ గ్రావెల్‌కీ మధ్య ఏదో ఒక పొర ఉండాలి. రోడ్ల కాంట్రాక్టర్లు వాడే బట్ట మాకు దొరికే చోట లేదు. ఎరువుల ఖాళీ బస్తాలు ఉన్నాయి, ప్లాస్టిక్ నేతవి, నీళ్ళు పోతాయి, మట్టి పోదు. ఇలా చేశాం:

1. బురద కలిసిన గ్రావెల్ మొత్తం జేసీబీతో తీసేసి, కింద గట్టి మట్టి తగిలేదాకా గీశాం. అక్కడ 22 సెంటీమీటర్లు తీయాల్సి వచ్చింది.
2. బస్తాలు కుట్లు విప్పి పరిచాం.
3. మిల్లు తీసుకోని సన్న కర్రలు, వంకర కర్రలు, చెట్ల తలలు బండి నడకకి అడ్డంగా, పక్కపక్కన సందు లేకుండా పేర్చాం. చక్రాల కింద లావువి, మధ్యలో సన్నవి.
4. పైన 15 సెంటీమీటర్ల గ్రావెల్ పోసి ఖాళీ ట్రాక్టర్‌తో తొక్కించాం.

మొదటిసారి ఇదీ నిలవలేదు. బస్తాల అంచులు బెత్తెడు మాత్రమే ఒకదాని మీద ఒకటి వేశాం, చక్రం బరువుకి అవి జరిగి ఆ సందుల్లోంచి బురద ఉబికింది. మళ్ళీ విప్పి, అంచులు మూరెడు ఒకదాని మీద ఒకటి పడేలా, బండి లోడుతో వెళ్ళే దిక్కున పై బస్తా అంచు ఉండేలా పరిచి దబ్బనంతో కుట్టించాం. అప్పుడు నిలిచింది. లోడు బండ్లు తిరుగుతున్నా గాడి లోతు 3 సెంటీమీటర్లు దాటలేదు. గాడి కొలవాలంటే డొంకకి అడ్డంగా తిన్నని కర్ర పెట్టి, దాని కింద నుంచి టేపు దించితే చాలు.

*ఇప్పటికి: తోలింది 61 టన్నులు. రోడ్డు ఖర్చు రూ.29,200. డీజిల్ 74 లీటర్లు. అంటే ఈ దశలో తోలిన 27 టన్నులకే 43 లీటర్లు, టన్నుకి 1.59. బురదలో చక్రం తిరిగే తిరుగుడంతా ఈ అంకెలో ఉంది.*

దశ 4: తూము

తూములో వేసిన సిమెంటు గొట్టం అడుగు వ్యాసం, మామూలు రకం. దాని మీద మట్టి జానెడే. ట్రక్కు వెనక ఇరుసు సరిగ్గా దాని మీద ఉన్నప్పుడు ఠప్పున విరిగింది. ఎన్‌పీ3, ఎన్‌పీ4 అనే గట్టి రకం సిమెంటు గొట్టాలు బరువు మోస్తాయి, వాటి మీద కూడా తగినంత మట్టి ఉండాలి. ఇక్కడ అంత ఎత్తు చేస్తే డొంక మధ్యలో గుట్ట లేస్తుంది, లోడు బండి దాన్ని ఎక్కలేదు.

గొట్టం ముక్కలు తీసేసి బోదెలో కర్ర కట్టలు వేశాం. పల్లంలో కర్రలు బండికి అడ్డంగా వేస్తే, ఇక్కడ మాత్రం నీరు పారే దిక్కుకి, పొడవునా. మణికట్టు లావు కర్రలు ఇనుప తీగతో కట్టలుగా బిగించి బోదె నిండేదాకా పేర్చితే, కర్రల సందుల్లోంచి నీరు పోతుంది, పైనుంచి బండి పోతుంది. కట్టల మీద బస్తాలు, వాటి మీద గ్రావెల్.

ఒక చిక్కుంది. పెద్ద వాన పడితే ఆకులూ చెత్తా వచ్చి ఆ సందుల్లో చేరి బోదె మూసుకుపోతుంది, నీరు వెనక్కి ఎగదన్ని పక్క చేలోకి మళ్ళుతుంది. పక్కాయన పత్తి గింజ వేయడానికి అరక కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ముందే వెళ్ళి ఆయనకి చెప్పి, మృగశిర మొదటి పెద్ద వానకి ముందే కట్టలు తీసేస్తామని మాటిచ్చాం. మాటివ్వకుండా ఈ పని చేస్తే పంచాయితీ తప్పదు.

దశ 5: లోడు, గాలి, చక్రాల జాడ

ఇక్కడ మార్చినవి చిన్నవే, ఫలితం పెద్దది.

లోడు 5.5 టన్నుల నుంచి 3.8కి తగ్గించాం. డ్రైవర్‌కి నచ్చలేదు, ట్రిప్పుల లెక్కన అతనికి ఇచ్చేది పెంచాక నచ్చింది. ట్రక్కు టైర్లలో గాలి 55 పీఎస్‌ఐ నుంచి 38కి దించాం, టైరు పాదం వెడల్పై నేల మీద ఒత్తిడి పరుచుకుంటుంది. ఇది లోడు తగ్గించాం గనక చేశాం. పూర్తి లోడు మీద గాలి తగ్గిస్తే టైరు పక్కలు వేడెక్కి చీలుతాయి, తారు రోడ్డు మీద స్పీడుగా అసలు పోకూడదు. ట్రాక్టర్ వెనక ట్యూబుల్లో ముప్పావు వంతు నీళ్ళు ముందే ఉన్నాయి, పట్టు కోసం, అవి అలాగే ఉంచాం. దమ్ము చక్రాలు (వరి మడిలో బురద తొక్కించే ఇనుప చక్రాలు) తగిలిద్దామని ఎవరో అన్నారు. వాటితో డొంక దున్నినట్టవుతుంది, తారు అంచు లేచిపోతుంది, వద్దు.

ఇంకోటి: గట్టి డొంక మీద ప్రతిసారీ ఒకే జాడలో పోకుండా చక్రం వెడల్పులో సగం మేర అటూ ఇటూ జరిగి నడపమన్నాం. గాడి లోతవడం బదులు డొంక మొత్తం సమంగా నొక్కుకుంది. పల్లంలో కర్రల మీద మాత్రం సరిగ్గా ఒకే జాడ.

బండి దిగబడితే: యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రం తిరిగే కొద్దీ ఇరుసు మట్టిని తాకుతుంది, అప్పుడిక రెండో ట్రాక్టర్ వచ్చినా లేవదు. సగం కర్ర దించి, చక్రం ముందు మట్టి తవ్వి వాలు చేసి, అప్పుడు గొలుసు తగిలించి నిదానంగా లాగాలి. గొలుసు లాగేటప్పుడు పక్కన ఎవర్నీ నిలబడనివ్వొద్దు, తెగిందంటే కాళ్ళు విరుగుతాయి.

దశ 6: కళ్ళం నుంచి లారీకి

తారు అంచున ఉన్న పాత కళ్ళంలో కర్ర దించి, అక్కడ నుంచి లారీకి ఎక్కించాం. రెండుసార్లు చెయ్యి పడుతుంది, కూలి పెరుగుతుంది, నిజమే. కానీ లారీ ఎప్పుడొచ్చినా ట్రాక్టర్ ఆగక్కర్లేదు, ట్రాక్టర్ ఆగినా లారీకి హాల్టింగ్ పడదు. వాన ముందు పదిరోజుల్లో ఊళ్ళో అందరికీ లారీలు ఒకేసారి కావాలి. ఇక్కణ్ణుంచి రాజమండ్రి మిల్లు రెండు వందల కిలోమీటర్లు ఉంటుంది, లారీ వెళ్ళి క్యూలో నిలబడి తిరిగొచ్చేదాకా ఎదురు చూస్తూ కర్ర చేలోనే ఉంచితే పని అక్కడే ఆగిపోతుంది.

కళ్ళంలో కింద రెండు అడ్డ కర్రలు వేసి వాటి మీదే దొంతి పేర్చండి. మొదటి దొంతిని నేల మీదే పేర్చాం, అడుగు వరస మట్టి పట్టింది, కాటా దగ్గర మట్టి పేరు చెప్పి తరుగు తీశారు. వాదించి లాభం లేదు, మట్టి కనపడుతూనే ఉంది. తర్వాతి దొంతులకి ఆ మాట రాలేదు.

దశ 7: ఆపడం

జూన్ రెండో వారంలో 41 మిల్లీమీటర్లు పడింది. వాన మొదలవడానికి ముందు సాయంత్రమే మబ్బు చూసి తూములో కట్టలు లాగించేశాం. మర్నాడు గడ్డపార గేటు దగ్గరే 17 దిగింది. పల్లంలో గ్రావెల్ మీద 6 మాత్రమే, కానీ పల్లం ఒక్కటీ బాగుంటే ఏం లాభం.

మిగిలింది ఎకరాలో సగం కూడా లేదు, సుమారు 13 టన్నులు, గేటు పక్క మూల. అది కొట్టించలేదు. మేస్త్రి రెండుసార్లు అడిగాడు, ముఠాకి పని కావాలి. కొట్టి పడేస్తే బరువు తగ్గడమే కాదు, వాన నీళ్ళలో నానిన కర్రకి బూజు పడుతుంది. నిలబడి ఉంటే సంక్రాంతి దాకా ఇంకొంచెం లావెక్కుతుంది. కొట్టిన చోట మోళ్ళకి పిలకలు మొదలయ్యాయి. మోడుకి రెండో మూడో ఉంచి మిగతావి తీసేయాలి, అది వేరే పని.

*మొత్తం: తోలింది 152 టన్నులు. డీజిల్ 171 లీటర్లు, టన్నుకి 1.13. చివరి 91 టన్నులకి లోడు తగ్గించినా టన్నుకి 1.07 మాత్రమే పడింది. రోడ్డు ఖర్చు రూ.38,600: గ్రావెల్ 19,500, జేసీబీ 8,400, కూలి 7,200, గొట్టం 2,300, బస్తాలు 1,200. టన్నుకి రూ.254.*

ఈ ఖర్చులో గొట్టం పూర్తిగా దండగ. మొదట పోసిన గ్రావెల్‌లో సగం కూడా. వచ్చేసారి పల్లంలో బస్తాలు, కర్రలు ఎండలోనే, గట్టి నేల మీదే పరుస్తాం, అప్పుడు 22 సెంటీమీటర్ల బురద గీయించే పని ఉండదు. తూములోంచి తీసిన కట్టల కర్ర బురద పట్టి మిల్లుకి పనికిరాదు, ఇటుక బట్టీ వాళ్ళు ట్రాక్టర్ తెచ్చుకుని పట్టుకెళ్ళారు. అది 1.6 టన్నులు తూగింది, పై లెక్కలో కలపలేదు.